చిట్టెలుకల్లో స్పర్శ, నొప్పి కొలవడం: పరికరం కొనే ముందు నుంచి రీడింగ్ రాసుకునే దాకా

ముందే ఒక మాట చెప్పేస్తాను. నొప్పిని కొలిచే మిషన్ అంటూ ఏదీ లేదు. ఎలుక కాలు ఎప్పుడు వెనక్కి లాక్కుంది, ఎంత బరువుకి లాక్కుంది, ఎన్ని సెకన్లకి లాక్కుంది, ఇవి కొలిచే పరికరాలే ఉన్నాయి. ఆ లాక్కోవడం నొప్పి వల్లా, గిలిగింత వల్లా, భయం వల్లా, లేక అది అప్పుడే అటు నడవబోతోందా అన్నది పరికరం చెప్పదు, పక్కన కూర్చున్న మీరే చెప్పాలి. అందుకే ఈ పనిలో లక్షలు పెట్టి కొన్న యంత్రం కంటే సరిగ్గా చేసిన జాలీ, అలవాటు పడిన ఎలుక, ఓపికున్న చెయ్యి ఎక్కువ పని చేస్తాయని నా అభిప్రాయం. కొత్తగా పీహెచ్‌డీలో చేరి, గైడ్ "బిహేవియర్ సెటప్ నువ్వు చూసుకో" అంటే టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదటి అడుగు: అసలు ఏం కొలవాలి?

కొటేషన్లు తెప్పించే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. మెత్తటి స్పర్శ, గుచ్చితే కలిగే నొప్పి, వేడి, చలి, ఇవి నాలుగూ వేరు వేరు. నరాలూ వేరు, వాటిలోని అణువులూ వేరు. 2021లో నోబెల్ అందుకున్న డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ల పని సరిగ్గా ఇక్కడిదే. మిరపకాయలో మంటకి కారణమైన కాప్సైసిన్‌ని పట్టుకుని జూలియస్ బృందం 1997లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని (నరాల మీద ఉండి సంకేతాన్ని పట్టుకునే ప్రొటీన్) కనిపెట్టింది. అది సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి కూడా తెరుచుకుంటుంది, కారం తింటే నోరు 'మండడం' అందుకే. పటపూటియన్ బృందం 2010లో ఒత్తిడిని పసిగట్టే పీజో ప్రొటీన్లను గుర్తించింది. తర్వాత పీజో2 తీసేసిన ఎలుకల్లో చూస్తే మెత్తటి స్పర్శ తెలియడం బాగా తగ్గింది గానీ గట్టిగా నొక్కినప్పుడు వచ్చే స్పందన చాలావరకు అలాగే ఉంది. అంటే దూదితో చేసే పరీక్షలో తేడా వచ్చిన ఎలుక గట్టిగా నొక్కే పరీక్షలో మామూలుగానే కనిపించవచ్చు. ఒక్క పరికరం పెట్టుకుని "ఈ ఎలుకకి నొప్పి లేదు" అని రాసేస్తే రివ్యూయర్ ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా.

రెండో అడుగు: అనుమతి

మన దేశంలో అయితే సంస్థకి సీసీఎస్‌ఈఏ రిజిస్ట్రేషన్ ఉండాలి (ఇది జంతువుల మీద ప్రయోగాలని పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ కమిటీ, పాతవాళ్లు ఇంకా సీపీసీఎస్‌ఈఏ అనే అంటారు), మీ ప్రయోగానికి ఐఏఈసీ (సంస్థలోని జంతు నైతికత కమిటీ) ఆమోదం ఉండాలి. దరఖాస్తు ఫారం బి. అందులో ప్రతి పరీక్షకీ కట్-ఆఫ్ రాయండి, అంటే ఎలుక స్పందించకపోయినా ఎన్ని సెకన్లకి, ఎన్ని గ్రాములకి ఆపేస్తారో. ఇది ఫారం నింపడానికి రాసేది కాదు. కట్-ఆఫ్ లేకుండా వేడి పెడితే కాలు కాలుతుంది, కాలిన కాలు మీద మర్నాడు తీసుకున్న రీడింగ్ దేనికీ పనికిరాదు.

మూడో అడుగు: జాలీ, డబ్బాలు (ఇక్కడ కక్కుర్తి వద్దు, కానీ దిగుమతీ అక్కర్లేదు)

వాన్ ఫ్రే పరీక్షకి (ఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ పోగుని అరికాలుకి తాకించి చూసేది) ఎలుక జాలీ మీద నిలబడాలి, మీరు కింద నుంచి దాని అరికాలుని అందుకోవాలి. ఈ స్టాండుని విదేశీ కంపెనీలు మంచి ధరకే అమ్ముతాయి, అంటే వాళ్లకి మంచి ధర. ఊళ్లో స్టీలు ఫ్యాబ్రికేషన్ చేసేవాళ్లకి బొమ్మ గీసిచ్చినా చేసి పెడతారు. చెప్పాల్సినవి ఇవి: స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ, గళ్లు సుమారు 5 నుంచి 6 మిల్లీమీటర్లు, తీగ అంచులు ఎక్కడా గరుగ్గా ఉండకూడదు, మధ్యలో కుంగకూడదు. గడి మరీ పెద్దదైతే కాలు జారి ఎలుక బెదురుతుంది, మరీ చిన్నదైతే ఫిలమెంట్ తీగకి తగిలి వంగుతుంది, అప్పుడు మీరు కొలిచేది తీగ స్పర్శే. ఎత్తు మీ మెడకి అనువుగా ఉండాలి. కూర్చుని పైకి చూస్తే అరికాలు కనబడాలి, ఎందుకంటే రోజుకి మూడు నాలుగు గంటలు అలా మెడ ఎత్తి చూడాల్సింది మీరే. చాలామంది కింద అద్దం పెట్టుకుంటారు, మంచి పద్ధతి.

ఎలుకల్ని పెట్టే డబ్బాలు అక్రిలిక్‌తో చేయించుకోవచ్చు, ఒక్కోటి పక్కకి 10 సెంటీమీటర్ల లెక్కన. ఎలుక తిరగగలగాలి, పరుగెత్తకూడదు. మధ్య గోడలు ఆవలివైపు కనబడనివిగా ఉంటే మేలు, ఎదురెదురుగా కనబడితే అవి ఒకదాన్నొకటి చూస్తూ కూర్చుంటాయి. మూతకి గాలి రంధ్రాలు మర్చిపోవద్దు. ఇంకోటి, అక్రిలిక్‌ని స్పిరిట్‌తో తుడవకండి, కొన్నాళ్లకి సన్నటి పగుళ్లు వచ్చి పాలిపోయి లోపల ఎలుక కనబడదు. తేలికపాటి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. ఒక జట్టుకీ ఇంకో జట్టుకీ మధ్య తుడిచి ఆరబెట్టాలి, ముందు కూర్చున్న ఎలుక మూత్రం వాసన తర్వాతి దాన్ని కంగారు పెడుతుంది.

నాలుగో అడుగు: వాన్ ఫ్రే ఫిలమెంట్లు

1890ల్లో మాక్స్ వాన్ ఫ్రే గుర్రపు వెంట్రుకల్లాంటివి కర్రకి అతికించి మనుషుల చర్మం మీద స్పర్శ బిందువులు వెతికాడు. 1960 ప్రాంతంలో సెమ్స్, వైన్‌స్టైన్ వాటి స్థానంలో నైలాన్ పోగులు తెచ్చారు. షుగర్ పేషెంట్ల అరికాలుకి డాక్టర్లు గుచ్చి చూసే 10 గ్రాముల నైలాన్ పోగు కూడా ఈ కుటుంబంలోదే. సూత్రం సింపుల్: పోగుని నిటారుగా నొక్కితే ఒక బరువు దగ్గర అది వంగుతుంది, వంగాక ఇంకా తోసినా బరువు పెద్దగా పెరగదు. అందుకే ఎవరు నొక్కినా దాదాపు ఒకే బలం పడుతుంది.

పిడి మీద ఉండే అంకె చూసి కొత్తవాళ్లు తికమక పడతారు. 3.61 అని రాసి ఉంటే అది గ్రాములు కాదు. బలాన్ని మిల్లీగ్రాముల్లో తీసుకుని 10తో గుణించి దానికి లాగ్ తీస్తే వచ్చే అంకె అది. అంటే 3.61 అంటే సుమారు 0.4 గ్రాములు. చిట్టెలుకలకి ఎక్కువగా వాడే వరుస 2.36, 2.44, 2.83, 3.22, 3.61, 3.84, 4.08, 4.17, గ్రాముల్లో 0.02, 0.04, 0.07, 0.16, 0.4, 0.6, 1.0, 1.4. పూర్తి పెట్టెలో 20 దాకా ఉంటాయి, అందులో పెద్దవి చిట్టెలుక కాలుని ఊరికే పైకి ఎత్తేస్తాయి. ఎత్తడం వేరు, అది లాక్కోవడం వేరు. కాబట్టి పూర్తి సెట్ కొనే డబ్బుతో పై ఎనిమిదీ రెండేసి కొనుక్కోవడం తెలివైన పని, సన్నవి త్వరగా పాడవుతాయి.

కాలిబ్రేషన్ సంగతి చాలా ల్యాబుల్లో ఎవరూ పట్టించుకోరు. నైలాన్ తేమ పీల్చుకుంటుంది, తేమ పెరిగితే మెత్తబడుతుంది. వర్షాకాలంలో విశాఖలో ఏసీ సరిగ్గా లేని గదిలో ఉన్న ఫిలమెంటూ, ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఎండు గదిలో ఉన్న ఫిలమెంటూ ఒకే బలం ఇవ్వవు, పిడి మీద అంకె ఒకటే అయినా సరే. పరీక్ష చేసే గదిలోనే తూకం మిషన్ పెట్టి (సన్నవాటికి 0.001 గ్రాము దాకా చూపించేది కావాలి), ఫిలమెంట్‌ని పళ్లెం మీద నిటారుగా నొక్కి, వంగి స్థిరపడినప్పుడు కనబడే అంకె రాసుకోండి. కొన్నిసార్లు చేసి సగటు తీయండి. ప్రతి ప్రయోగం మొదట్లో ఇది చేయండి, గదిలో తేమ ఎంతుందో పక్కనే రాయండి. మొన వంకర పోయిన పోగు, వంగాక తిరిగి నిటారుగా రాని పోగు కనబడితే పారేయండి, బాధపడకండి.

ఐదో అడుగు: ఎలుకని అలవాటు చేయడం

తోక పట్టి ఎత్తడం మానేయండి. 2010లోనే లివర్‌పూల్ పరిశోధకులు హర్స్ట్, వెస్ట్ చూపించారు, గొట్టంలోకి ఎక్కించి గానీ దోసిట్లోకి తీసుకుని గానీ ఎత్తితే ఎలుకల్లో ఆందోళన బాగా తక్కువని. మొదట్లో టైం పడుతుంది, తర్వాత గొట్టం పెడితే అవే వచ్చి ఎక్కుతాయి.

పరీక్షకి ముందు రెండు మూడు రోజులు, రోజుకి గంట చొప్పున జాలీ మీద ఊరికే కూర్చోబెట్టండి. పరీక్ష రోజు కూడా మొదటి అరగంట నుంచి గంట దాకా ముట్టుకోవద్దు. మొదట అవి అటూ ఇటూ తిరుగుతాయి, వాసన చూస్తాయి, ఒళ్లు శుభ్రం చేసుకుంటాయి, తర్వాత నాలుగు కాళ్లూ ఆనించి కదలకుండా ఉంటాయి. మీక్కావాల్సింది ఆ స్థితి. మరీ ఆలస్యం చేస్తే నిద్రపోతాయి, నిద్రలో ఉన్నదాన్ని పొడిచి వచ్చిన రీడింగ్ పనికిరాదు. టైం కూడా ఒకటే ఉండాలి, ఇవాళ ఉదయం రేపు సాయంత్రం అంటే కుదరదు, వీటి పగలూ రాత్రీ మనకి తలకిందులు.

ఎవరు పరీక్ష చేస్తున్నారన్నది కూడా లెక్కే. 2014లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం బృందం ఒక విచిత్రమైన విషయం బయటపెట్టింది: గదిలో మగవాళ్లుంటే, అంతెందుకు మగవాళ్లు తొడుక్కున్న టీషర్టు ఉన్నా, ఎలుకలు ఒత్తిడికి గురై నొప్పి తక్కువ చూపిస్తాయి, ఆడవాళ్లుంటే అలా జరగలేదు. అలాగని అబ్బాయిలు ఈ పని చేయకూడదని కాదు. మొదటి రోజు నుంచి చివరి దాకా ఒకే మనిషి చేయాలి, వచ్చి కాసేపు కూర్చున్నాకే మొదలుపెట్టాలి, ఎవరు చేశారో పేపర్లో రాయాలి. సెంటు కొట్టుకుని రావద్దు. గది బయట ట్రాలీ చప్పుడు, గదిలో సెల్‌ఫోన్ రింగు, రెండూ ఆరోజు డేటాని పాడుచేస్తాయి.

ఆరో అడుగు: అప్-డౌన్ పద్ధతి

చాప్లాన్ బృందం 1994లో వాన్ ఫ్రేకి అన్వయించిన పద్ధతి ఇప్పటికీ ఎక్కువమంది వాడేది. ఫిలమెంట్‌ని కింద నుంచి అరికాలు మధ్యలో, మెత్తటి దిండ్లలా ఉబ్బిన చోట్లు తప్పించి, నిటారుగా తాకించండి. కొద్దిగా వంగేదాకా తోసి రెండు మూడు సెకన్లు ఆపండి. టక్కున పొడవద్దు, జారనివ్వద్దు, పక్కకి గీరితే అది వేరే పరీక్ష అయిపోతుంది. కాలు చటుక్కున లాక్కున్నా, విదిలించినా, నాకినా 'అవును'. నడవబోతూ కాలెత్తితే లెక్కలోకి రాదు, అది ఆగాక మళ్లీ చేయాలి. రెండు తాకింపుల మధ్య కనీసం ఒకటి రెండు నిమిషాలైనా ఇవ్వండి. ఎనిమిది పది ఎలుకల్ని ఒకేసారి పెట్టుకుంటే ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఆ విరామం దానంతటదే వస్తుంది.

0.4 గ్రాములతో మొదలుపెట్టండి. స్పందన లేకపోతే తర్వాతి పెద్దది, ఉంటే తర్వాతి చిన్నది. స్పందన మొదటిసారి మారిన చోటి రెండు రీడింగులు, ఆ తర్వాత ఇంకో నాలుగు, మొత్తం ఆరు. ఉదాహరణకి 0.4కి లేదు, 0.6కి అవును (ఇక్కడ మారింది), 0.4కి లేదు, 0.6కి అవును, 0.4కి అవును, 0.16కి లేదు. ఆపేయండి. ఈ 'లేదు, అవును' వరుసకి డిక్సన్ పట్టికలో (ఈ పద్ధతికి ముందే లెక్కకట్టి ఉంచిన పట్టిక) కె అనే విలువ ఉంటుంది. దాన్ని ఫిలమెంట్ల మధ్య సగటు లాగ్ దూరంతో (పై ఎనిమిదికి సుమారు 0.26) గుణించి, ఆఖరి ఫిలమెంట్ పిడి అంకెకి కలిపి, 10ని ఆ ఘాతానికి ఎత్తి, 10,000తో భాగిస్తే గ్రాముల్లో 50 శాతం థ్రెషోల్డ్ (సగం సార్లు కాలు లాక్కునే బలం) వస్తుంది. దీన్ని ఎక్సెల్‌లో ఒక్కసారి పెట్టుకుంటే చాలు, కానీ మొదటి రెండు మూడు ఎలుకలకి చేత్తో లెక్క కట్టి చూడండి, షీట్‌లో తప్పుంటే అక్కడే దొరుకుతుంది.

గ్రాఫ్ గీసేటప్పుడు, స్టాటిస్టిక్స్ చేసేటప్పుడు లాగ్ విలువల మీద చేయండి. 0.02 నుంచి 0.04కి వెళ్లడం, 0.7 నుంచి 1.4కి వెళ్లడం శరీరానికి దాదాపు ఒకే స్థాయి మార్పు, మామూలు గ్రాములు పెడితే పెద్ద అంకెలే సగటుని లాగేస్తాయి.

ఎక్కడ తాకించాలన్నది, ఎలుకలో నొప్పి పుట్టించడానికి మీరు ఎంచుకున్న పద్ధతిని, అంటే మీ మోడల్‌ని బట్టి మారుతుంది. అరికాలులో వాపు పుట్టించే సీఎఫ్‌ఏ మోడల్‌లో మధ్యభాగం సరిపోతుంది. సయాటిక్ నరం కొమ్మల్లో రెంటిని కోసి సూరల్ కొమ్మని వదిలే ఎస్‌ఎన్‌ఐ మోడల్‌లో అయితే సూరల్ నరం చేరే అరికాలు బయటి అంచునే తాకించాలి. మధ్యలో తాకిస్తే ఆ చోటుకి నరమే లేదు, "మందు పనిచేసింది" అని సంబరపడతారు.

లెక్కలంటే చిరాకుపడేవాళ్లకి ఇంకో దారి ఉంది. ఒక్కో ఫిలమెంట్‌తో ఐదు లేక పదిసార్లు తాకించి ఎన్నిసార్లు లాక్కుందో శాతం రాయడం. గ్రాఫ్‌లో వంపు మొత్తం కనబడుతుంది, కాకపోతే ఎక్కువసార్లు తాకించాలి కాబట్టి ఎలుకకి విసుగు, మీకూ విసుగు.

మెత్తటి స్పర్శకి: దూది, బ్రష్, టేప్

దీనికి యంత్రం అక్కర్లేదు. చెవులు తుడిచే దూదిపుల్ల తీసుకుని దూదిని విడదీసి అసలు సైజుకి మూడింతలు ఉబ్బేలా చేసి, అరికాలు కింద ఒక్క సెకనులోపు మెల్లగా రాస్తూ పోవాలి, కాలు ఎన్నిసార్లు ఎత్తిందో లెక్క. నరం దెబ్బతిన్న మోడళ్లలో చిన్న పెయింట్ బ్రష్‌తో మడమ నుంచి వేళ్ల వైపు గీస్తారు. టేప్ పరీక్షలో చిన్న టేపు ముక్కని వీపు మీద అతికించి ఐదు నిమిషాలు చూస్తారు, ఎన్నిసార్లు దాని కోసం తిరిగింది, కొరికింది, విదిలించింది అని. వీడియో తీసుకోండి, ఒంటిచేత్తో లెక్కపెట్టడం కష్టం.

ఎలక్ట్రానిక్ వాన్ ఫ్రే కొనాలా?

గట్టి లోహపు మొన నెమ్మదిగా పైకి వచ్చి, బలం పెరుగుతూ పోయి, కాలు లాక్కోగానే ఆ అంకె స్క్రీన్ మీద నిలిచిపోతుంది. ఇటలీలోని ఉగో బాసిలే, అమెరికాలోని ఐఐటీసీ లాంటి కంపెనీలు ఇవి చేస్తాయి. త్వరగా అయిపోతుంది, ఎలుకకి తక్కువ తాకింపులు. కానీ ఇక్కడ వచ్చే గ్రాములు నైలాన్ ఫిలమెంట్ గ్రాములకంటే బాగా ఎక్కువ ఉంటాయి, మొన వేరు, బలం పెరిగే తీరు వేరు. రెంటినీ ఒకే గ్రాఫ్‌లో కలపకండి, ఒకరి పేపర్లో ఎలక్ట్రానిక్‌తో వచ్చిన అంకెని మీ నైలాన్ అంకెతో పోల్చి కంగారు పడకండి. నా మటుకు నేను మొదటి ఏడాది బడ్జెట్‌లో దీన్ని పెట్టను. పాదాన్ని మొనతో నొక్కే రాండాల్-సెలిట్టో పరికరం (1957) ప్రధానంగా పెద్ద ఎలుకలకి, చిట్టెలుకని చేత్తో కదలకుండా పట్టుకోవడమే దానికి పెద్ద ఒత్తిడి.

వేడి

హార్‌గ్రీవ్స్ పరికరం (1988) అంటే గాజు పలక మీద ఎలుక, కింద దీపం. కాంతిని అరికాలు మీదకి గురిపెట్టి బటన్ నొక్కితే టైమర్ మొదలవుతుంది, కాలు తీసేయగానే ఆగుతుంది. ఎలుక కదలికకి స్వేచ్ఛ ఉంటుంది, రెండు కాళ్లనీ విడివిడిగా కొలవచ్చు, అందుకే వేడికి ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి. మామూలు ఎలుకలు సుమారు పది సెకన్లకి లాక్కునేలా దీపం తీవ్రత సర్దుకుని, ఆ ప్రయోగం అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు. కట్-ఆఫ్ 20 సెకన్లు. కాలికి మూడు నుంచి ఐదు రీడింగులు, మధ్యలో కనీసం ఐదు నిమిషాలు. గాజు చల్లగా ఉంటే కాలి వేడిని అది లాగేస్తుంది, అందుకే గాజుని 30 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచే మోడల్ దొరికితే తీసుకోండి. మూత్రం పడితే వెంటనే తుడవాలి. మడమ ఎత్తి కూర్చున్నప్పుడు బటన్ నొక్కొద్దు. మన దగ్గర కరెంటు వోల్టేజి ఊగితే దీపం తీవ్రత కూడా ఊగొచ్చు కాబట్టి స్టెబిలైజర్ పెట్టండి, అమెరికా నుంచి తెప్పిస్తుంటే 230 వోల్టుల మోడలేనా అని ఆర్డర్‌లోనే రాయించండి.

హాట్ ప్లేట్ చవక, సులువు. 52 లేక 55 డిగ్రీలు, కట్-ఆఫ్ 30 సెకన్లు. వెనక కాలు నాకడం, విదిలించడం, ఎగరడం లెక్క. ముందు కాళ్లు నాకడం లెక్కలోకి తీసుకోకండి, ఒళ్లు శుభ్రం చేసుకున్నా అలాగే ఉంటుంది. స్పందించిన క్షణంలో తీసేయండి. స్క్రీన్ మీద 55 అన్నంత మాత్రాన పలక 55 కాదు, నాలుగు మూలలా మధ్యలో వేడి కొలిచే థర్మోకపుల్‌తో చూసుకోండి. ఒకే ఎలుకని మళ్లీ మళ్లీ పెట్టొద్దు, రెండోసారికే దానికి విషయం అర్థమైపోతుంది.

డబ్బు లేదంటే వాటర్ బాత్ ఉందిగా. 50 డిగ్రీల దగ్గరి నీళ్లలో తోక చివర ముంచి ఎన్ని సెకన్లకి తోక విసిరిందో చూడటం. కట్-ఆఫ్ 10 నుంచి 15 సెకన్లు. ఇది ఎక్కువగా వెన్నుపాము స్థాయి రిఫ్లెక్స్, మార్ఫిన్ లాంటి మందులకి బాగా పనికొస్తుంది, నరాల నొప్పికి అంతగా కాదు.

చలి

అసిటోన్ చుక్క పాతది, చవక. సిరంజికి మొద్దు గొట్టం తగిలించి చుక్కని అరికాలుకి అంటించాలి, గొట్టం తగలకూడదు. ఆవిరవుతూ చర్మాన్ని చల్లబరుస్తుంది, నిమిషం పాటు విదిలించడం, నాకడం రాసుకోండి. తడికి కూడా ఎలుక కాలు విదిలిస్తుంది, కాబట్టి గోరువెచ్చని నీటి చుక్కతో పోల్చి చూడటం మంచిది. కొంచెం మెరుగైనది 2012లో బ్రెన్నర్ బృందం వివరించిన పద్ధతి: మొన కోసేసిన సిరంజిలో డ్రై ఐస్ పొడి కూరి, గాజు పలక కింద కాలు ఉన్న చోట నొక్కి, ఎన్ని సెకన్లకి తీసిందో చూడటం. గాజు మందం మారితే టైం మారిపోతుంది, మందం రాసి పెట్టుకోండి. డ్రై ఐస్‌ని బిగుతు మూత డబ్బాలో ఎప్పుడూ ఉంచొద్దు, పేలుతుంది.

తాకకుండా చూడాల్సినవి

మనుషుల్లో దీర్ఘకాల నొప్పి అంటే తాకితే వచ్చేదే కాదు, ఊరికే ఉన్నా వచ్చేది. దానికి పై పరికరాలేవీ జవాబు చెప్పవు. కెమెరా పెట్టి మౌస్ గ్రిమేస్ స్కేల్ (2010, మళ్లీ మెక్‌గిల్ వాళ్లదే) చూడండి: కళ్లు ముడవడం, ముక్కు, చెంపలు ఉబ్బడం, చెవులు, మీసాల తీరు, ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు. ఇంకోటి, మందు ఇచ్చాక ఎలుక కాలు తీయకపోతే నొప్పి తగ్గిందనే అనుకోకండి, మత్తుగా ఉందేమో. రోటారాడ్ (తిరిగే కడ్డీ) మీద నడిపించి చూశాకే ఆ మాట రాయండి.

రోజుల క్రమం, రికార్డు షీటు

తక్కువ ఇబ్బంది పెట్టేవి ముందు, ఎక్కువ ఇబ్బంది పెట్టేవి తర్వాత: దూది, వాన్ ఫ్రే, అసిటోన్, హార్‌గ్రీవ్స్, అన్నిటికంటే ఆఖర్న హాట్ ప్లేట్. జాలీ పరీక్షలూ వేడి పరీక్షలూ ఒకే రోజు కలపొద్దు. సర్జరీకి ముందే బేస్‌లైన్ రెండు వేరు వేరు రోజుల్లో తీసుకోండి. ఆడ మగ రెండూ పెట్టండి, మందు ఏ ఎలుకకి ఇచ్చారో పరీక్ష చేసేవాళ్లకి తెలియకూడదు, డబ్బాల మీద కోడ్ ఇంకొకరు వేయాలి. వాపు వచ్చిన కాలు కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది, ఆ విషయంలో చేయగలిగింది తక్కువ, కనీసం మందు సంగతైనా దాచండి.

షీటులో ఎలుక నంబరు, బరువు, తేదీ, టైం, గది ఉష్ణోగ్రత, తేమ, పరీక్ష చేసినవాళ్ల పేరు, ఆరోజు కాలిబ్రేషన్, ఆపై ప్రతి తాకింపుకీ విడివిడిగా అవును/లేదు రాయండి. లెక్క కట్టిన ఆఖరి థ్రెషోల్డ్ ఒక్కటే రాసి అసలు వరుస పారేసేవాళ్లున్నారు, ఏడాది తర్వాత పట్టికలో ఏ కె తీసుకున్నారని రివ్యూయర్ అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు. షీటు మార్జిన్‌లో "పక్క గదిలో డ్రిల్లింగ్", "ఎలుక 4 నిద్ర" లాంటివి కూడా అప్పటికప్పుడే రాసుకోండి, సాయంత్రానికి గుర్తుండవు.